ఎడమ అంచు పైన

“ఆ గాజు ఫొటో ముందు అగరొత్తులు వెలిగించు రికు వదినా! ఎన్నాళ్లిలా?” అంది పొరుగింటి తొమె.

రికుకి ఒళ్లు మండింది.

“నీ నోట్లో మన్ను పడ! నా కూతురు నిక్షేపంలా ఉంటే అగరొత్తులెందుకే?”

“మరి కళ్లు మూసుకునుందేం?”

“ఫొటో అంటే చాలాసేపు కదలకుండా కూర్చోవాలట. దానికసలే నిద్రెక్కువ, కునుకు పట్టేసుంటుంది. కళ్లు కాదు, కిమోనో చూడు! గుండెల మీద ఎడమ అంచు పైన ఉందా లేదా? పోయినవాళ్లకైతే కుడి అంచు పైకి తెచ్చి కట్టమూ?”

తొమె మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

రికు కూతురు షినో యోకోహామాలో ఓ తెల్లదొర ఇంట్లో పనికి కుదిరింది. వెళ్లిన ఏడాదికి ఓ పడవవాడు ఈ ఫొటో తెచ్చి, “దొరగారింట్లో ఇమ్మన్నారు” అని రికు చేతిలో పెట్టి పోయాడు. ఆ తర్వాత కబురు లేదు. చలికాలాలు వచ్చి పోతూనే ఉన్నాయి.

రోజూ పొద్దున్నే రికు ఫొటో ముందు టీ పెడుతుంది. ముల్లంగి ఊరగాయ పెడుతుంది. పడవలకి చేపలు పడ్డాయో లేదో చెబుతుంది. ఆ ఇంట్లో ఇంకెవరున్నారు మాట్లాడడానికి? బదులు రాకపోతే ఏడుపొస్తుంది. అప్పుడు ఆ ఎడమ అంచు వంక చూసి ధైర్యం తెచ్చుకుంటుంది.

ఆ వసంతంలో రేవులోకి ఓ ఫొటోలవాడు పెట్టె మోసుకొచ్చాడు. రికు ప్రాణం లేచొచ్చింది. అమ్మ ఎంత ముసలిదైపోయిందో చూస్తే షినో రాకుండా ఉంటుందా? తన ఫొటో పంపాలి. వాడికి ఓ ఎండుచేపల కట్ట ఇచ్చి, ఉన్నవాటిలో మంచి కిమోనో కట్టుకుంది. ఎడమ అంచు పైకి తెచ్చి, ముడత లేకుండా సర్దుకుని ఎండలో కూర్చుంది. రెప్ప కూడా వేయలేదు.

గాజు ఫొటో చేతికి రాగానే ఆమె ముఖం మాడిపోయింది.

“ఏమయ్యా, నన్నప్పుడే కాటికి పంపేశావా? కుడి అంచు పైకొచ్చిందేం?”

“గాజు పలక మీద తీస్తే అంతే పెద్దమ్మా. అద్దంలోలాగా కుడి ఎడమైపోతుంది. ఎవరికైనా ఇలాగే వస్తుంది.”

“చాల్లే, నాకు చెప్పకు! మా ఇంట్లో ఉన్న గాజు ఫొటోలో ఎడమ అంచే పైనుంది. అలా తియ్యడం నీకు చేతకాదను.”

ఫొటోలవాడు నవ్వుతూ పెట్టె సర్దుకున్నాడు.

“అలా రావాలంటే, తీసేటప్పుడు ఆ మనిషికి పోయినవాళ్లకి కట్టినట్టు కట్టి ఉండాలి పెద్దమ్మా!”