రొంటిన దోపిన మాత్రలు

"ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న మాత్రలేమైనా వాడుతున్నారా, మామ్మా?"

"నేదు తల్లీ. మాత్రంటే ఎలాగుంటాదో ఇక్కడికొచ్చేకే సూసేను" అంది దేముడమ్మ, రొంటిన దోపుకున్న సంచిని కుచ్చెళ్ళలోకి ఇంకాస్త తోస్తూ.

అది అనకాపల్లిలో ఒక ఆసుపత్రి. ఆడవాళ్ళ వార్డు. దేముడమ్మది మాకవరపాలెం దగ్గర పల్లె. చాన్నాళ్ళుగా షుగరు. కాలి మీద పుండు మానక వచ్చి చేరింది.

అడిగిన అమ్మాయి డాక్టరు కాదు, నర్సూ కాదు. రోజూ వచ్చి ప్రతి మంచం దగ్గరా కూర్చునేది. ఏ మందు వేసుకున్నారు, వేసుకున్నాక తల తిరిగిందా, చెమట పట్టిందా, దురద పుట్టిందా అని అడిగి రాసుకునేది.

"ఏటమ్మా ఇది? పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగరు" అంది పక్కమంచం అప్పలనర్సమ్మ.

"రోగులందరి సంగతులూ ఒకచోట చేర్చి చూస్తే, ఏ మందు దగ్గర పొరపాటు జరుగుతోందో తెలుస్తుంది మామ్మా. పేర్లు రాయను."

ఆ అమ్మాయి అటు వెళ్ళగానే అప్పలనర్సమ్మ గొంతు తగ్గించింది.

"నమ్మకొదినా. తెల్లకార్డులు పీకేయడానికొచ్చింది. నేను గంజి తప్ప మరేటీ తాగనని సెప్పేను."

"నిన్న కోడికూర తెప్పించుకున్నావు కదే?"

"గంజిలోకే కదా నంజుకున్నాను!"

దేముడమ్మ భయం కార్డు గురించి కాదు. సంచిలో ఉన్నవి ఆరెంపీ డాక్టరు తాతబ్బాయి ఇచ్చిన మాత్రలు. ఏ వేళ కబురు పెట్టినా సైకిలేసుకుని వచ్చే మనిషి ఆయనొక్కడే. పెద్ద డాక్టర్లకు తెలిసి ఆయన కొట్టు మూయిస్తే, ఆ చుట్టుపక్కల పల్లెలకు దిక్కెవరు?

అందుకే నర్సు ఇచ్చిన మాత్ర నర్సు ఎదురుగా మింగేది. తాతబ్బాయి మాత్ర గోడవైపు తిరిగి మింగేది. ఎవరి గౌరవం వాళ్ళకి.

ఒక మధ్యాహ్నం దేముడమ్మకు ఒళ్ళంతా చెమటలు పోశాయి. చేతులు వణికాయి. మాట ముద్దగా వచ్చింది. మంచం మీంచి జారబోతుంటే ఆ అమ్మాయే పరుగున వచ్చి పట్టుకుంది. నర్సు వేలు పొడిచి చూసి, గబగబా గ్లూకోజు ఎక్కించింది.

తెలివొచ్చాక గ్లాసుతో నీళ్ళిచ్చారు. ఒక గుక్క తాగి దేముడమ్మ ఆగిపోయింది.

"పంచదారేటి?"

"షుగరు మరీ పడిపోయింది. మొత్తం తాగేయండి" అంది నర్సు.

"ఎన్నాళ్ళకమ్మా!" అని దేముడమ్మ కళ్ళు మూసుకుని చప్పరించింది.

"సిస్టరమ్మా, నాకూ కళ్ళు తిరుగుతున్నాయి" అంది అప్పలనర్సమ్మ.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"మామ్మా, ఈ వార్డులో ఇలా పడిపోయింది మీరొక్కరే కాదు. పడిపోయినవాళ్ళలో చాలామంది ఇంటి మాత్రలు దాచుకున్నవాళ్ళే. ఒకావిడ దక్కలేదు. నిజం చెప్పండి."

దేముడమ్మ సంచి తీసి ఆమె ఒళ్ళో పడేసింది. ఆ అమ్మాయి అందులోని మాత్రల అట్ట తిప్పి, వెనక సన్న అక్షరాలు చదివింది.

"ఇవీ, ఇక్కడ నర్సు ఇచ్చేవీ ఒకటే మందు. కంపెనీలు వేరు కనక పేర్లు వేరు. ఒకే మందు రెండింతలు మింగుతున్నారు. ఎవరిచ్చారు ఇవి?"

"తాతబ్బాయి బాబు. మా మాకవరపాలెంలో."

ఆ అమ్మాయి చేతిలోని అట్టను మళ్ళీ ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఇంకెక్కడైనా మందులు వాడుతున్నారా అని ఆయన మిమ్మల్ని అడగలేదా?"

"ఆయనెందుకడుగుతాడు? నాడి సూసి సెప్పేత్తాడు. ఇది రాయకు తల్లీ, నీ కాళ్ళట్టుకుంటాను."

"రాయకపోతే రేపు ఇంకొకరు పడిపోతారు మామ్మా. పేరు పెట్టనులెండి."

రాసింది.

"నీ సెయ్యిరిగిపోను! మంచి మనిషి కడుపు కొడతావేటి? నిన్ను కన్నోళ్ళు నీకు ఇదేనా నేర్పింది?"

ఆ అమ్మాయి తల వంచుకుని వెళ్ళిపోయింది. మరునాడు రాలేదు. ఆ తరవాతా రాలేదు.

"ఆవిడ పని అయిపోయింది. ఇక రాదు" అంది నర్సు.

"పీడా పోయింది" అంది దేముడమ్మ. కానీ పొద్దున్నే గుమ్మంకేసి చూడటం మానలేకపోయింది.

తరవాతి వారం నుంచి వార్డులో కొత్త పద్ధతి మొదలైంది. కొత్తగా చేరినవాళ్ళవీ, ఉన్నవాళ్ళవీ రొంటి సంచులు విప్పించి చూస్తున్నారు. మాత్రలతోపాటు చుట్టలు, వక్కలు, వేరుశనగ చిక్కీలు బయటపడ్డాయి. చిక్కీలు అప్పలనర్సమ్మవే. వార్డులో పడిపోయేవాళ్ళు తగ్గారు.

పుండు మానాక దేముడమ్మ బస్సు దిగి తిన్నగా తాతబ్బాయి కొట్టుకే వెళ్ళింది. కొట్టు తెరిచే ఉంది. ప్రాణం లేచొచ్చింది.

ఆమె నోరు తెరిచేలోపే ఆయన చెయ్యి చాపాడు.

"ముందు ఆ సంచి విప్పు దేముడమ్మా. ఇంకెవరి మందులున్నా ఇలా పెట్టు."

దేముడమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"ఇక్కడికీ వచ్చిందా బాబూ ఆ పిల్ల!"

"వచ్చింది. ఈ బల్ల ముందే కూర్చుని, రోగుల్ని ఏమేం అడగాలో చెప్పింది. నేను కోపం పట్టలేక ఏదేదో అనేసేను. అన్నీ విని, హైదరాబాదు రైలెక్కి పోయింది. తరవాత ఆలోచిస్తే ఆ పిల్ల చెప్పిందే నిజం."

"నేనూ తిట్టేను బాబూ, నోటికొచ్చినట్టు తిట్టేను. ఇంతకీ ఎవరి పిల్లది?"

తాతబ్బాయి ఆమె సంచిలోంచి తీసిన మాత్రల అట్ట వెనక్కి తిప్పి, కళ్ళు చికిలించి చూస్తూ అన్నాడు.

"చిన్నప్పుడే హాస్టల్లో వేసేను, పెద్దయ్యేక మీరెవరూ చూడలేదు. నా కూతురే, దేముడమ్మా."