పిల్లికి దిగిన ఆయాసం

ఎల్పీడియో ఆయాసం పిల్లిలోకి దిగిపోయింది. మా రేవులో అందరూ చేసే వైద్యమే: రాత్రిళ్లు పిల్లిని గుండెల మీద పడుకోబెట్టుకున్నాడు. ఇప్పుడు పిల్లి రొప్పుతోంది. మంచం దిగలేని మనిషి డాన్సు హాల్లో బచాటా ఆడటానికి తెల్లచొక్కా తొడుక్కుంటున్నాడు.

అతని పెళ్లాం బెనీల్దా పిల్లిని ఒళ్లో పెట్టుకుని, కోడిచారు చెంచాతో చుక్కచుక్కగా పోస్తోంది.

"ఏం వదినా, మా అన్నకి ఎప్పుడైనా ఇంత ముద్దుగా తినిపించావా?" అన్నాను గుమ్మంలో నిలబడి.

"మీ అన్నకి తినిపించడానికి ఆ డాన్సు హాల్లో ఒకత్తి ఉందిగా మరిదీ."

"ఏడుపుగొట్టుదానా! మంచాన పడున్నన్నాళ్లూ నీ మొహమే చూశాను, చాల్లేదా?" అంటూ ఎల్పీడియో అత్తరు కొట్టుకుని వెళ్లిపోయాడు.

బెనీల్దా పిల్లి మూతి తుడిచింది. అది మెల్లగా తల ఎత్తి చెంచా నాకింది.

నా నోరు ఊరుకోదు కదా. "చూసుకో వదినా! పిల్లి చస్తే రోగం దాంతోనే పోద్దంట. కోలుకుందో, మళ్లీ మా అన్నకే వచ్చి చుట్టుకుంటదంట!" అన్నాను నవ్వుతూ.

"ఆ సంగతి నాకు తెలీదనుకున్నావా మరిదీ?" అంటూ చారులో ఓ గుడ్డు కొట్టి కలిపింది.