నాకూ పదహారే

"మీరివాళ ఎంత తేడాతో గెలవాలిరా?" అని శ్యామ్‌సుందర్ ఫోన్‌లో అడిగేసరికి దామోదర్ తన లెక్క కాగితం ముందుకి లాక్కున్నాడు.

అడగాల్సిన మనిషేనా అతను? అమెరికాలో, చేత్తో బంతి పట్టుకు పరిగెత్తే వాళ్ల ఫుట్‌బాల్ టీములకి లెక్కలు కట్టిపెట్టే తెలుగువాళ్లు ఇద్దరంటే ఇద్దరు. ఇద్దరూ కాకినాడలో ఒకే హాస్టల్ గదిలోంచి వచ్చినవాళ్లే. శ్యామ్ పడమటి తీరంలో, దామోదర్ న్యూజెర్సీలో. సీజన్ తర్వాత జరిగే నాకౌట్ ఆటల్లో, అంటే ప్లేఆఫ్స్‌లో, ఇక మిగిలింది ఒక్క చోటు. దానికోసం కొట్టుకుంటున్నవి వీళ్లిద్దరి టీములే.

శ్యామ్ వాళ్ల ఆఖరి ఆట నిన్నే అయిపోయింది. ఇవాళ మధ్యాహ్నం దామోదర్ వాళ్లు గెలిస్తే రెండు టీముల గెలుపోటములూ సమానమవుతాయి. ఈ రెండూ ఒకదాంతో ఒకటి ఆడలేదు. ఇద్దరికీ ఎదురైన టీముల మీద కూడా సమానంగానే నెగ్గాయి. అలా ఒక్కో మెట్టూ దిగుతూ వస్తే చివరికి తేల్చాల్సింది సీజన్ మొత్తం మీద వేసిన పాయింట్లూ, ఎదుటివాళ్లకిచ్చిన పాయింట్లే. నిన్నటి ఆట ముగిసేసరికి ఇక్కడ పేపర్లు అచ్చయిపోయాయి కనక ఆ లెక్క ఇంకా ఎక్కడా రాలేదు.

"నాకు పదహారు వచ్చింది. నీకూ అంతేనా?" శ్యామ్ మళ్లీ అడిగాడు. అక్కడ ఇంకా తెల్లవారను కూడా లేదు.

హాస్టల్లో ఉన్నప్పటినుంచీ ఇదే అలవాటు. ఏ లెక్క చేసినా ఒకరి జవాబు ఒకరు సరిచూసుకోవాలి. తేడా వస్తే ఇద్దరూ కూర్చుని మళ్లీ మొదటినుంచీ చేయాలి.

దామోదర్ ముందున్న కాగితం మీద పదమూడు ఉంది. ఎదుటివాళ్లని పది దాటనివ్వకపోతే పదమూడు పాయింట్ల తేడా చాలు. వేసిన పాయింట్లని ఇచ్చిన పాయింట్లతో భాగించి, క్యాలిక్యులేటర్ మీద రెండుసార్లు సరిచూసుకున్నాడు. కోచ్ ఇచ్చిన రూల్ పుస్తకం సొరుగులోనే ఉంది. హాస్టల్ హాకీ టోర్నమెంట్లకి నాలుగేళ్లు స్కోర్లు రాసినవాడికి ఇందులో కొత్తగా నేర్చుకునేదేముంది?

అంటే శ్యామ్ తప్పు చేశాడు. ఆ పదహారునే తన కోచ్‌కి చెప్పి ఉంటాడు. సాయంత్రానికల్లా నవ్వులపాలవుతాడు.

న్యూయార్క్‌లో లీగ్ ఆఫీస్‌లో లెక్కలు చూసే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. గ్రీన్ కార్డ్ కూడా వాళ్లే స్పాన్సర్ చేస్తారు. అప్లై చేసినవాళ్లలో చివరిదాకా మిగిలింది వీళ్లిద్దరే. దామోదర్ వీసా ఎనభై రెండు మార్చితో అయిపోతుంది. ఇంక మూడు నెలలు.

తప్పురా, మళ్లీ చేయి అనడానికే నోరు తెరిచాడు. అంతలో మార్చి నెల గుర్తొచ్చింది.

"నాకూ పదహారే," అన్నాడు.

అవతల శ్యామ్ గట్టిగా ఊపిరి వదిలాడు. "హమ్మయ్య. అయితే ఇంకేం లేదు. ఉంటానురా," అని ఫోన్ పెట్టేశాడు.

శ్యామ్ అన్నయ్య ఏమన్నాడని భార్య రేణు కాఫీ తెచ్చి అడిగింది. ఊరికే చేశాడన్నాడు దామోదర్. కాఫీ పక్కన పెట్టేశాడు. పన్నెండేళ్లలో వాడితో ఆడిన మొదటి అబద్ధం అది.

మధ్యాహ్నం స్టేడియంలో చలి కొరికేస్తోంది. ఆట ఆఖరి నిమిషానికి వచ్చేసరికి దామోదర్ వాళ్లు ఇరవై నాలుగు, ఎదుటివాళ్లు పది. బంతి దామోదర్ వాళ్ల చేతిలోనే ఉంది. గోల్ పోస్టులు దగ్గరలోనే ఉన్నాయి. కిక్ కొడితే ఇంకో మూడు పాయింట్లు. కాని ఆ కిక్‌ని ఎవడైనా అడ్డుకుని బంతి పట్టుకు పరిగెత్తాడంటే చేతికొచ్చింది పోతుంది.

పైన గదిలో కూర్చున్న దామోదర్‌కి మైదానం నుంచి కోచ్ ఫోన్ చేశాడు. "పద్నాలుగు ఉంది. చాలా, ఇంకా కావాలా? నువ్వెలా చెబితే అలా చేస్తాను."

దామోదర్ మళ్లీ ఒకసారి భాగించి చూసుకున్నాడు. "చాలు కోచ్. కిక్ వద్దు. బంతి పట్టుకుని మోకాలు నేలకి ఆనించి, టైమ్ అయిపోనివ్వమనండి," అన్నాడు.

అలాగే చేశారు. గడియారం ఆగిపోయింది, స్టేడియం ఊగిపోయింది. కింద డ్రెస్సింగ్ రూమ్‌లో కోచ్ దామోదర్ వీపు తట్టి, మాకు మెదడు నువ్వేనయ్యా అన్నాడు. అందరూ నవ్వుతున్నారు. దామోదర్‌కి మాత్రం నవ్వు రాలేదు. తను చేసింది చిన్న పని కాదు. లీగ్ వాళ్లు ప్రకటించేలోపు తనే చెప్పేస్తే మనసు కొంతైనా తేలికపడుతుందనుకుని వరండాలో ఉన్న ఫోన్ దగ్గరికి వెళ్లాడు.

"శ్యామ్, నన్ను క్షమించరా. పొద్దున నీతో అబద్ధమాడాను. నాకు వచ్చింది పదమూడు. నీ లెక్క తప్పని తెలిసీ చెప్పలేదు. ఆ ఉద్యోగం కోసం."

వెనక గదిలోంచి పాటలు, కేకలు వినిపిస్తున్నాయి.

"మొదట నాకూ పదమూడే వచ్చిందిరా," అన్నాడు శ్యామ్. "మన హాకీ లెక్కలాగే భాగించాను. తర్వాత రూల్ పుస్తకం తీసి చూస్తే, ఇక్కడ భాగించరు, వేసినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తారు. మీరు పదహారు తేడాతో గెలవాలి. నువ్వూ భాగించేసి ఉంటావని భయం వేసింది. మావాళ్లకి తెలిస్తే నా ఉద్యోగం పోతుందని తెలిసి కూడా, నీకు చెప్పేద్దామనే పొద్దున్నే ఫోన్ చేశాను. నువ్వేమో నాకూ పదహారే అన్నావు."