గోగునార పడవ

"రొయ్యలెప్పుడేత్తావు బావూ ఇందులో?"

బోర్లించిన పడవను వేళ్లతో తడుతూ అడిగాడు ముసలాయన.

లతీఫ్‌కి ఒళ్లు మండింది. పడవ చేస్తున్నది గోగునారతో. గోంగూర ఆకు, ఈ నార ఒకే మొక్కవి కాబట్టి ఈ పెద్దమనిషికి పడవను చూస్తే రొయ్యల కూరే గుర్తొస్తోంది.

వన్‌టౌన్‌లో లతీఫ్‌ది రేకుల షెడ్డు. ఏళ్ల తరబడి గాజు పీచు మ్యాట్‌కి రెజిన్ జిగురు పట్టించి తలుపులు, నీళ్ల ట్యాంకులు చేశాడు. గాజు నలుసు ఒంట్లో దిగిందంటే గోకుడే గోకుడు. రెండువేల సంవత్సరం దాటాక ఎవరి దగ్గరో నారతో చేసిన పలక చూశాడు. తేలిక, గట్టి, దురద లేదు. అంతే, గోగునార పిచ్చి పట్టుకుంది.

పిచ్చి ఫలించడం అంత తేలిక కాలేదు. పూర్ణా మార్కెట్‌లో నార మెత్తగా ఉండాలని నీళ్లు చిలకరించి అమ్ముతారు. తాళ్లు పేనేవాళ్లకు అదే కావాలి. లతీఫ్ అలాగే తెచ్చి రెజిన్ పట్టించేశాడు. ఆ తడికి పలక అప్పడంలా పొంగింది.

వీధి వీధంతా నవ్వింది.

అతని భార్య షహజాది మాత్రం నవ్వలేదు. మిట్టమధ్యాహ్నం నారను డాబా మీద ఎండేసి, వేడి తగ్గకముందే కిందికి తెచ్చేది. సముద్రపు గాలి సోకితే నార మళ్లీ చెమ్మ తాగుతుంది. ఆలోపే లతీఫ్ రెజిన్ పట్టించేయాలి. మొగుడూ పెళ్లాం అలా పరుగులు పెట్టి పెట్టి, చివరికి పలకను దారికి తెచ్చారు.

ఇంతలో యారాడ రేవు నుంచి గవర్రాజు వచ్చాడు. చేపల వేట అతని పని. నార పడవ చేసిపెట్టమన్నాడు. నా సంగతి ఎవరు చెప్పారని లతీఫ్ అడిగితే, తెలిసినవాళ్లులే అని మాట దాటేశాడు. ఒకటే షరతు పెట్టాడు. పడవ అల దాటి వెళ్లి, లోపల చుక్క నీరు లేకుండా తిరిగొస్తేనే తీసుకుంటాడు.

అలా వస్తే రేవు రేవంతా లతీఫ్ షెడ్డుకే వస్తుంది. రాకపోతే షెడ్డు మూసేసి, స్టీల్‌ప్లాంటులో ఏ కాంట్రాక్టరు కిందో కూలికి పోవాలి.

ఆ మర్నాటి నుంచే ఈ ముసలాయన దాపురించాడు. పేరడిగితే నవ్వుతాడు. ఊరడిగితే టీ అడుగుతాడు. వానొస్తే పడవకు ఆకులు మొలుస్తాయేమో చూసుకోమంటాడు.

ఒకరోజు పడవ అడుగున ఒకచోట తట్టి, పకపకా నవ్వి, ఏమీ చెప్పకుండా వెళ్లిపోయాడు. లతీఫ్‌కి అన్నం సయించలేదు. అక్కడ గీకి చూస్తే చిన్న బుడగ. ఆ భాగమంతా పీకేసి మళ్లీ చేశాడు. ముసలాడి నోరు మూయించాలన్న పంతంతో ఆ తర్వాత ఒక్క అంగుళం కూడా అశ్రద్ధగా చేయలేదు.

పడవను నీళ్లలో దించే రోజు వచ్చింది. యారాడ ఒడ్డున పసుపు, కుంకుమ, కొబ్బరికాయ సిద్ధం. గవర్రాజు పడవ వెనక భాగంలో వంగి ఇంజను బిగించుకుంటున్నాడు.

జనం మధ్య నుంచి ముసలాయన ఊడిపడ్డాడు. నేరుగా వచ్చి పడవ ముక్కు మీద చెయ్యి వేయబోయాడు.

"ఇవాళైనా నా పడవ జోలికి రాకు తాతా. అవతలికెళ్లి నిలబడు," అన్నాడు లతీఫ్.

జనం గతుక్కుమన్నారు. ఎవరో ఏదో అనబోతే ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆ బావు పడవ, ఆ బావు ఇష్టం," అని నవ్వుతూ వెనక్కి జరిగాడు.

పడవ నీళ్లలో దిగింది. మొదటి అల ఎత్తి కుదేసింది. షహజాది కళ్లు మూసుకుంది. రెండో అల దాటింది. ఆ పైన చూస్తుండగానే చుక్కంత అయిపోయి, మళ్లీ పెద్దదై ఒడ్డుకు వచ్చింది. గవర్రాజు పడవ అడుగంతా అరచేత్తో రాసి, ఆ చెయ్యి అందరికీ చూపించాడు.

పొడిగా ఉంది.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. అక్కడికక్కడే మరో ఇద్దరు వచ్చి, తమకూ అలాంటి పడవే కావాలన్నారు. లతీఫ్‌కి కాళ్లు నేల మీద ఆగలేదు. ముందు ఆ ముసలాణ్ని పట్టుకుని, గోంగూర పడవ తేలిందా లేదా అని అడగాలనుకున్నాడు.

ఎంత వెతికినా కనపడలేదు. ఒడ్డున చేపలమ్మే తవిటమ్మను అడిగాడు. పొడి చెయ్యి చూసేదాకా ఉండి, కూతురి ఊరికని బస్సెక్కేశాడని, ఇక అక్కడే ఉంటాడని చెప్పింది.

గవర్రాజు పడవ దిగి వస్తూనే ఆత్రంగా అడిగాడు.

"సలమయ్య మావ ముందు సెయ్యేసినాడా?"

"ఏ చలమయ్య?"

"నీ షెడ్డు కాడ రోజూ నిన్ను ఏడిపించినోడే."

అతణ్ని తానే అవతలికి పొమ్మన్నానని లతీఫ్ గొప్పగా చెప్పాడు. గవర్రాజు మొహం మాడిపోయింది. తమ రేవులో ఏ పడవ దిగినా ముందు వడ్రంగి చెయ్యి పడాలన్నాడు.

"పడవ చేసింది నేను కదా, వడ్రంగి ఎవరు?" అన్నాడు లతీఫ్ మెల్లగా.

"ఈ రేవులో సెక్క నావలన్నీ సేసినోడు సలమయ్య మావే, బాయ్. నాకూ ఒకటి సేసియ్యమని ఎల్తే, సెక్కకి ఇంక రోజుల్లేవురా, ఆ నార బాయ్ కాడికెల్లు, నాను ఎవుణ్నో మాత్రం సెప్పకు అన్నాడు. నీ పడవ మునిగితే నాకు సెక్క నావ ఊరికే సేసిత్తానని గంగమ్మ మీద ఒట్టేసి, నన్ను నీ కాడికి అంపింది ఆ మావే."