మైలవరం స్టేషను

బోర్డు మీద బల్బు వెలిగింది. అంతకు మించి ఏమీ జరగలేదు.

"నాలుగు రోజులైందండీ మేడం. ఎవరూ పలకట్లేదేంటి?" అన్నాడు అటెండరు సలోమోను.

జ్ఞానప్రసూన తీగలు మరోసారి సరిచూసుకుంది. నూజివీడు ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు ఆమె. వైర్‌లెస్ లైసెన్సు కోసం ఏడాది తిరిగింది. మద్రాసు నుంచి కిట్టు తెప్పించి, ఒక్కో ముక్కా తనే టంకం పెట్టి అతికించుకుంది. అందులో మాటలు పోవు. మోర్సు సంకేతాలే, అంటే పొట్టి, పొడుగు కూతలే, పోతాయి, వస్తాయి. పిల్లలకు కనపడేలా అంతా ఒక చెక్క పలక మీద పరిచి ఉంటుంది; అదే బోర్డు.

ఏరియల్ తీగ కిటికీలోంచి వెళ్లి, పూత మీదున్న మామిడి కొమ్మను చుట్టుకుంది.

ఐదో రోజు పొద్దున్న మళ్లీ మీట నొక్కింది. 'ఎవరైనా ఉన్నారా?'

స్పీకరులో సన్నగా కూత మొదలైంది. ఆమె గబగబా కాగితం మీద రాసుకుంది.

'ఉన్నాను. భానుమూర్తి, మైలవరం. రిటైరయ్యాను. కొంచెం నెమ్మదిగా కొట్టండి.'

"పలికారు!" అని ఎగిరి గంతేసింది.

"ఎవరండీ, లండన్ వాళ్లా?"

"మైలవరం."

"ఓస్, మన మైలవరమేనా! దానికి బస్సెక్కితే పోలేదాండీ?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

మర్నాడు మైలవరం ఇంకో కబురు పంపింది. 'మీ స్వరం వణుకుతోంది. కాయిలు తీగచుట్ట కదులుతున్నట్టుంది. కొవ్వొత్తి కరిగించి, దాని మీద మైనం పొయ్యండి.'

ఆమె చెవికి వణుకేమీ తెలియలేదు. అయినా పోసింది.

ఆ వారమే మద్రాసు పలికింది. తర్వాత కొలంబో. 'సంకేతం ఎంత నిలకడగా ఉందో!' అన్నారు వాళ్లు.

లాబు ఆడపిల్లలతో నిండిపోయింది. మీట నొక్కడానికి వరసలు కట్టారు. జ్ఞానప్రసూన ముఖంలో ఎప్పుడూ లేని కళ వచ్చింది.

మైలవరం మాత్రం రోజూ అదే పాట. 'మళ్లీ కొట్టండి. నెమ్మదిగా.'

"పెద్దాయన బుర్ర మందగించినట్టుంది, పాపం" అంది సలోమోనుతో.

మార్చిలో యూనివర్సిటీ కమిటీ తనిఖీకి వచ్చింది. బోర్డు చుట్టూ అందరూ నిలబడ్డారు. కొలంబోతో సంభాషణ మంచి ఊపులో ఉండగా మైలవరం మధ్యలో దూరింది.

'అర్థం కాలేదు. నెమ్మదిగా కొట్టండి.'

కమిటీ వాళ్లు వాచీలు చూసుకున్నారు. ఆమె విసురుగా కొట్టింది. 'పనిలో ఉన్నాను. మధ్యలో రాకండి.'

మైలవరం మళ్లీ రాలేదు.

కమిటీ మెచ్చుకుని వెళ్లింది. పూత పిందెలైంది, పిందెలు కాయలయ్యాయి.

"మైలవరం ఆయన పలకట్లేదేంటి మేడం?"

"నేనే రావద్దన్నాను."

"అదేంటండీ! ఎవరూ పలకనప్పుడు పలికింది ఆయనేగా."

మళ్లీ పిలవడానికి ఆమెకు మొహం చెల్లలేదు. ఆదివారం బుట్టెడు చిన్న రసాలతో మైలవరం బస్సెక్కింది.

ఇంటి కప్పు మీద ఏరియల్ తీగ చూసి పోల్చుకుంది. అరుగు మీద ఓ ముసలాయన వీధికి వీపు పెట్టి, ఏదో కాయిలు చుట్టుకుంటున్నాడు.

"భానుమూర్తి గారూ!"

ఆయన తిరగలేదు. కోపం పోలేదనుకుంది. బుట్ట కింద పెట్టి, నిలబడే చెప్పుకుంది.

"నేనండీ, నూజివీడు. నాకు మొదట పలికింది మీరు. నా బోర్డు బాగుపడింది మీ వల్ల. అలాంటిది మిమ్మల్నే విసుక్కున్నాను. తప్పయిపోయిందండీ."

ఆయన చుట్లు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు.

ఆయన భార్య సుబ్బాయమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఒక్క క్షణం చూసి, నోరారా నవ్వింది.

"నూజివీడు అమ్మాయివా? 'ఆ పిల్ల దేశాలతో మాట్లాడుతోంది, మనం అడ్డు రాకూడదు' అని, పలక్కుండా రోజూ నీ కబుర్లన్నీ పట్టుకుంటూ కూచుంటారమ్మా. ఎంత మురిసిపోతారో!"

"మరి నేనింత చెప్పినా..."

"ఎలా తెలుస్తుంది తల్లీ? జ్వరమొచ్చి రెండు చెవులూ పోయి పన్నెండేళ్లయింది. స్పీకరు మీద వేళ్లు ఆనించి వింటారు ఆయన."