చిక్కదనం

“ఈ నీళ్ళూ చిక్కబడలేదు,” అంటూ గ్లాసు దించిన అత్తగారికి పొలమారింది. కళ్ళు తుడుచుకుని కోడలి వైపు చూశారు. “ఎవరో తిట్టుకుంటున్నారు నన్ను. నువ్వే అయ్యుంటావు.”

“రుచి చూడమంటే సగం తాగేశారు అత్తయ్యా. మామయ్యకేం మిగిలింది?”

“ఒక్క గుక్కకేం తెలుస్తుంది? ఆయనకి పట్టే ముందు నాకు తెలియద్దూ? మళ్ళీ చెయ్యి.”

మంచం మీద మామగారు అవునన్నట్టు దగ్గారు.

ఆ దగ్గుతోనే మొదలైంది ఇదంతా. మంచినీళ్ళు గొంతులో దారి తప్పుతున్నాయనీ, కాస్త చిక్కగా ఉంటే దిగుతాయనీ ఆయనే కోడలికి చెప్పారు. ఆసుపత్రికి రమ్మంటే మాత్రం, “ముందు మీ అత్తయ్యని బయల్దేరదీయి, వెనకే నేనొస్తా,” అంటారు. “నాకేం, దుక్కలా ఉన్నాను. ఆ గడప తొక్కను,” అంటారు ఆవిడ. నీళ్ళు చిక్కబరచడానికి బజారులో కొన్న పొడిని గంజి వాసనంటూ అవతల పెట్టిందీ ఆవిడే.

కోడలి ఉద్యోగం సముద్రపు నాచు నుంచి జిగురు తీసే ల్యాబులో. తినే నాచును కడిగి, వేడినీళ్ళలో ఉడికించి, గుడ్డలో వడకట్టి, ఆ నీటిలో స్పిరిట్ పోస్తే జిగురు తెల్లని దూదిపోగుల్లా విడివడుతుంది. ఆరబెట్టి పొడి చేయాలి. ఆ పొడి కలిపితే నీళ్ళు చిక్కబడాలి. అదే జరగడం లేదు.

“వేడి పెంచు, జిగురు ఇంకా దిగుతుంది,” అంది తోటి ఉద్యోగిని.

“దిగుతుంది. కానీ జిగురులో పస చచ్చిపోతుంది. నిన్న బోలెడు పొడి వచ్చింది, నీళ్ళు మాత్రం నీళ్ళలాగే ఉన్నాయి.”

“మరైతే తగ్గించు.”

“తగ్గిస్తే నాచులోనే ఉండిపోతుంది.”

“మామగారి చేత గ్లాసుడు నీళ్ళు తాగించడానికి నువ్వు మూడు చెరువుల నీళ్ళు తాగుతున్నావు కదే!”

కోడలు నవ్వలేదు. తిండీ నీళ్ళూ సరిగా లేని మనిషి ఎన్నాళ్ళు ఆగుతాడు? వేడి తగ్గించింది, నానబెట్టే సేపు పెంచింది, నీళ్ళు సగం చేసింది. కూర్చోలేక గిన్నెకీ గడియారానికీ మధ్య తిరిగింది. చివరికి చెంచా ఎత్తి చూస్తే నీళ్ళు తేనెలా జారాయి.

ఇంటికి పరుగున వచ్చి గ్లాసుడు నీళ్ళలో ఆ పొడి కలిపింది.

“అది చిక్కేలోగా నేను చిక్కిపోయేట్టున్నాను,” వదులైన గాజులు పైకి తోసుకుంటూ అందుకున్నారు అత్తగారు.

ఒక గుక్క. ఆగి, ఇంకో గుక్క. ఆ తర్వాత ఆగలేదు. పొలమారలేదు.

“ఇదీ చిక్కదనమంటే!” ఖాళీ గ్లాసు కోడలి చేతిలో పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. “మీ మామయ్యకి పట్టు, పో.”

కోడలు ఇంకో గ్లాసు కలుపుకుని గదిలోకి వెళ్ళింది. మామగారు చెంబెత్తి మంచినీళ్ళు గటగటా తాగుతున్నారు.

“మామయ్యా! అవి మామూలు నీళ్ళు!”

ఆయన చెంబు దించారు. దగ్గలేదు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు.

“మొత్తం తాగిందా?”

“ఎవరు, అత్తయ్యా? చుక్క మిగల్చలేదు. కానీ మీరు...”

ఆయన చేతులు రెండూ ముఖానికి కప్పుకుని, కాసేపటికి తీశారు.

“గొంతు దిగనిది నాకు కాదమ్మా, మీ అత్తయ్యకి.”