లోర్నా గిన్నె

అమెరికాలోని అయోవాలో ఆదివారం రాత్రి భోజనమంటే పాప్‌కార్నే. లోర్నా మంచినీళ్లకి లేవగానే, భర్త వెర్లిన్ తన గిన్నె వదిలి ఆమె గిన్నెలో చెయ్యి పెట్టాడు.

"దొరికావు దొంగా!" అంది లోర్నా గ్లాసుతో తిరిగొచ్చి.

"మాంసం, పాలు, వెన్న అన్నీ మానమన్నాడు డాక్టరు. కొట్టం నిండా ఆవుల్ని పెట్టుకుని ఆ ఎండు మేత ఎలా తినను? నీదైతే వెన్నతో ఘుమఘుమలాడుతోంది!"

"అందులో చుక్క వెన్న లేదు. నువ్వు మానిన రోజే నేనూ మానేశాను. రెండూ ఒక్క మూకుడులోవే."

వెర్లిన్ వేళ్లు నాక్కుని చూశాడు. ఉప్పే.

"మరి వారం వారం ఆ వెన్న వాసన?"

"పొయ్యి మీద కాస్త వెన్న కరిగిస్తాను. ఆ వాసన లేకపోతే నువ్వు నా గిన్నె దొంగిలిస్తావా? దొంగిలించనిదే నీకు తిన్నట్టుంటుందా?"

"కరిగించిన వెన్నంతా ఏం చేస్తున్నావే?"

బల్ల కింద నుంచి కుక్క మూతి నాక్కుంటూ వచ్చింది. పొట్ట నేలకి రాసుకుంటోంది.

"రేపు దీన్నీ డాక్టరుకి చూపించాలి," అంటూ వెర్లిన్ తన గిన్నెని దగ్గరకి లాక్కున్నాడు.